రాలిన పండు ఎవరు ఏరాలి?

(సమాఖ్య వార్షిక మహాసభలో వేసవి పండ్లతోటల పురుగులు, తెగుళ్ళ గురించి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చువేస్తున్నాం. చివర సభ్యులు అడిగిన ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)



పొద్దుటి నుంచి పొదుపు, అప్పు, వసూలు, వడ్డీ అంటూ లెక్కలే వింటున్నారు. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా లెక్కే. కాకపోతే ఇది చెట్టు కింద జరిగే లెక్క, పుస్తకంలో కనపడదు.

నాకిచ్చిన అంశం “వేసవిలో పండ్లతోటలకు వచ్చే పురుగులు, తెగుళ్ళు”. అన్నీ చెప్పాలంటే మామిడికి ఒక రోజు, బత్తాయికి ఒక రోజు, జామకి, బొప్పాయికి ఇంకో రోజు కావాలి. అంత ఓపిక మీకూ లేదు, అన్నం చల్లారిపోతుందని వంటవాళ్ళూ ఊరుకోరు. అందుకని మామిడి పట్టుకుంటాను. అందులోనూ ఒక్క పురుగు గురించి ఎక్కువ చెబుతాను, మిగతావి పైపైన చెప్పేసి వెళ్ళిపోతాను.

ఆ ఒక్కటి పండు ఈగ. దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మనలో కొందరికి రెండెకరాలో మూడెకరాలో సొంత తోట ఉంది. కొందరు సంఘం అప్పు తీసుకుని కాపు గుత్తకి పట్టారు. తోట లేనివాళ్ళు కోతకి, కాయలు ఏరడానికి, రకం వేరుచెయ్యడానికి కూలికి పోతున్నారు. ఇంకొందరు తాండ్ర పోస్తున్నారు, ఒరుగులు ఎండబెడుతున్నారు. ఈ నాలుగు రకాల ఆడవాళ్ళ డబ్బూ తినేది ఈ ఈగ ఒక్కటే. మిగతా పురుగులు తోట యజమాని నష్టంతో ఆగిపోతాయి. ఇది కాయ పెట్టెలోకి ఎక్కి, బజారుకి పోయి, కొన్నవాళ్ళింట్లో కత్తిపీట దగ్గర బయటపడుతుంది. ఆ ఇంట్లో వాళ్ళు మళ్ళీ ఆ బండి దగ్గరికి రారు. మార్కెట్లో షావుకారు పది కాయలు కోసి చూసి, రెండింటిలో పురుగుంటే మొత్తం లోడుకీ తరుగు తీసేస్తాడు. మంచి కాయ కూడా ఆ ధరకే పోతుంది.

ముందు ఈగని గుర్తుపట్టండి. ఇది ఇంట్లో ముసిరే నల్ల ఈగ కాదు. దానికంటే కాస్త పెద్దది, గోధుమ పసుపు రంగు, సన్న నడుము. చూస్తే కందిరీగ పిల్లలా ఉంటుంది. రెక్కలు గాజులా ఉండి ముందు అంచున సన్నటి నల్ల గీత కనపడుతుంది. ఆడ ఈగకి తోక దగ్గర సూదిలాంటిది ఉంటుంది. కాయ ముదిరి పక్వానికొచ్చే వేళకి ఆ సూదితో తోలు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. గుచ్చిన చోట గుండుసూది మొనంత చుక్క, ఒక్కోసారి దాని మీద చిన్న సొన బొట్టు, అంతే. మీరు కోసి, తుడిచి, పెట్టెలో పేర్చేటప్పుడు ఆ చుక్క కంటికి ఆనదు.

ఎండాకాలంలో ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది. తెల్ల పురుగు వారం పది రోజులు గుజ్జు తింటుంది. ఈలోపు కాయ మెత్తబడి రాలిపోతుంది. రాలాక పురుగు తోలు చీల్చుకుని బయటికొచ్చి ఎగిరెగిరి మట్టిలోకి దూరుతుంది. మీరు చూసే ఉంటారు, అరచేతిలో పెట్టుకుంటే విల్లులా వంగి టపీమని ఎగురుతుంది. మట్టిలో రెండు మూడు అంగుళాల లోపలే బియ్యపు గింజంత గోధుమరంగు గూడు కట్టుకుంటుంది. ఇంకో వారం పది రోజులకి ఈగై పైకి లేస్తుంది. ఆ తరవాత మరో వారం పది రోజులకి మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలు. అంటే నెల తిరిగేసరికి ఒక తరం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక రాలిన పండులో 40 పురుగులున్నాయనుకోండి. సగం ఆడవి, అంటే 20. ఒక్కోటి వందల్లో గుడ్లు పెట్టగలదు. మనం తక్కువలో తక్కువ 200 అనుకుందాం. మొత్తం 4,000 గుడ్లు. చీమలు తింటాయి, ఎండకి చస్తాయి, పదింట ఒకటే బతికిందనుకున్నా 400 ఈగలు. ఇదంతా మీరు కాలితో తన్ని పక్కకి నెట్టేసిన ఒక్క పండు నుంచి. బంగినపల్లి కోత మొదట్లో పురుగు అంతగా కనపడక, కోత చివరికొచ్చేసరికి, వానలు పడ్డాక కోసే కాయల్లో విపరీతంగా కనపడడానికి కారణం ఇదే. ఏప్రిల్లో వదిలేసిన పండే మే, జూన్ నెలల్లో అప్పు తీర్చుకుంటుంది.

ఈ బతుకంతా విన్నాక ఒక విషయం మీకే తట్టాలి. పురుగు కాయ లోపల ఉన్నప్పుడు పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. మట్టిలో గూట్లో ఉన్నప్పుడూ తగలదు. ఎగిరే ఈగకి తగిలినా, మన తోటలో చచ్చినదానికి బదులు పక్క తోట నుంచి ఇంకోటొస్తుంది. మరి ఎక్కడ దొరుకుతుంది? కదలకుండా, పారిపోకుండా, మన చేతికందేలా ఉండేది ఒక్కచోటే. రాలిన పండులో. అక్కడ దాన్ని పట్టుకోవడానికి పంపు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. వంగి ఏరే మనిషి కావాలి.

అయితే ఎవరు ఏరాలి? గొడవంతా ఇక్కడే. తోటామెని అడిగితే “కాపు అమ్మేశాం, ఇక కాయ మాది కాదు” అంటుంది. గుత్తదారుని అడిగితే “నా కాయ చెట్టు మీద ఉంది, కింద కుళ్ళింది నాకెందుకు” అంటాడు. కూలికొచ్చినవాళ్ళకి పెట్టె లెక్కన కూలి. కుళ్ళిన పండు ఏరితే పైసా రాదు, వాళ్ళెందుకు వంగుతారు? వాళ్ళది తప్పని నేననను. ముగ్గురి మధ్యా పండు నేలమీదే ఉండిపోతుంది. మామిడి మండలాల్లో పండు ఈగ ఇంతగా పెరగడానికి మందులు చాలకపోవడం కంటే ఈ గుత్త పద్ధతే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అందుకని ఈ ఏడు కాపు ఇచ్చేవాళ్ళూ, పట్టేవాళ్ళూ అగ్రిమెంటు కాగితంలో ఒక్క వాక్యం రాయించండి. “కోత అయ్యేవరకు రాలిన కాయలు మూడు రోజులకొకసారి ఏరించి పూడ్పించే బాధ్యత ఫలానా వారిది, కూలి ఫలానా వారు ఇవ్వాలి.” గుత్తదారుడు ఒప్పుకోకపోతే ఖర్చు చెరిసగం అనండి. మన సంఘమే గుత్త పట్టిన చోట అయితే ఆ కూలిని మొదటి రోజే ఖర్చు లెక్కలో వెయ్యండి. అప్పు దరఖాస్తులో మందులకింత, పెట్టెలకింత, లారీ కిరాయి ఇంత అని రాస్తాం కానీ ఏరుడు కూలి అని ఒక గడి నేనెక్కడా చూడలేదు. ఆ గడి పెట్టండి. ఇంటి ఆడవాళ్ళే ఏరినా సరే, కూలి కట్టి రాయండి. మన ఒళ్ళు వంచిన పనిని మనమే సున్నా అని రాసుకుంటే ఇంకెవరు విలువ కడతారు?

ఏరడంలో కొన్ని సంగతులు. కోతకి మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. పురుగు బయటికి రాకముందే ఏరాలి కాబట్టి వారానికోసారి చాలదు, కనీసం రెండు సార్లు. మెత్తబడి చెట్టుమీదే వేలాడుతున్న పండుని కూడా కర్రతో దించెయ్యండి. ఏరినవాటిని గట్టుమీద కుప్ప పోయకండి. చాలా తోటల్లో ఏరిన కాయని తెచ్చి కంచె పక్కన పోస్తారు, కాలవలో పారేస్తారు, పేడకుప్పలో పైపైన వేస్తారు. అది పురుగుకి పురుడు పోసినట్టు. రెండడుగులకి తక్కువ కాకుండా గొయ్యి తీసి, నింపాక పైన మట్టి కప్పి తొక్కాలి. గొయ్యి తియ్యలేని రాతినేల అయితే మందంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి గట్టిగా బిగించి ఎండలో వారం పది రోజులు వదిలెయ్యండి. మన ఎండకి లోపలివి ఉడికిపోతాయి. సంచికి చిల్లుంటే మాత్రం చేసిన పనంతా వృథా. పశువులకి, మేకలకి పెట్టేవాళ్ళు ఏరిన పూటే పెట్టెయ్యాలి, రేపటికని ఉంచకూడదు. మందు కొట్టిన తోట కాయైతే పశువుకీ పెట్టకండి.

గాలికి రాలిన గట్టి పచ్చికాయ వేరు, మెత్తబడి రాలిన పండు వేరు. పచ్చికాయని ఆ రోజే కోసి చూసి ఒరుగులకి, పచ్చడికి వాడుకోవచ్చు. అందులో ఏరుడు కూలి కొంత గిట్టుతుంది కూడా.

ఇక రెండో ఆయుధం ఎర బుట్ట. దీని వెనక మంచి కథ ఉంది. నూరేళ్ళ కిందట బీహారులో పూసా అనే ఊళ్ళో హౌలెట్ అనే పురుగుల శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన పొరుగాయన దోమలు రాకుండా సిట్రొనెల్లా నూనె రుమాలుకి రాసుకుంటే, దోమల సంగతి ఏమోగానీ పండు ఈగలొచ్చి ఆ రుమాలు చుట్టూ మూగాయట. అక్కడ పట్టుకుని 1912లో ఆ సంగతి రాశాడు. 1915 నాటికి మిథైల్ యూజినాల్ అనే పదార్థానికి ఈగలు ఎలా వస్తాయో తేల్చి చెప్పాడు. ఈ రోజు మనం తోటలో కట్టే ఎర అదే. మన తులసిలోనూ ఆ పదార్థముంది. కొబ్బరి చిప్పలో తులసాకు నలిపి పెడితే ఈగలు వాలడం అందుకే. కానీ ఆకు వాసన త్వరగా పోతుంది, రోజూ మార్చాలి. పెరట్లో రెండు చెట్లకి సరే, తోటకి చాలదు.

బుట్టలు ఎకరానికి నాలుగు నుంచి ఆరు కట్టాలి. కోతకి నెలన్నర ముందే కట్టాలి. కాయ కోసే వారంలో కడితే బుట్ట నిండా ఈగలు పడతాయి, ఫొటోలు బాగా వస్తాయి, కాయకి మాత్రం అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. మనిషి చేతికందే ఎత్తులో, కొమ్మ నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయండి. కట్టిన తీగకి కొంచెం గ్రీజు రాయండి, లేకపోతే చీమలు దిగి చచ్చిన ఈగల్ని మోసుకుపోతాయి, మీకు లెక్క తెలియదు. ఎర నెల నెలన్నరకి మార్చాలి. మార్చిన పాత బిళ్ళని తోటలో పారెయ్యకండి.

బుట్ట కొనక్కర్లేదు, లీటరు నీళ్ళ సీసాకి పైభాగంలో వేలు దూరేంత చిల్లులు నాలుగు పెట్టినా చాలు. ఎర బిళ్ళ మాత్రం సిద్ధంగా దొరికేది కొనడమే మేలు. సొంతంగా చేసేవాళ్ళు చిన్న చెక్క బిళ్ళల్ని ఆల్కహాలు ఆరు పాళ్ళు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్ళు, మలాథియాన్ ఒక పాలు కలిపిన దాంట్లో రెండు మూడు రోజులు నానబెడతారు. అది విషం. వంటింట్లో, పిల్లలున్న ఇంట్లో చేసే పని కాదు. శిక్షణ పొందినవాళ్ళు, చేతికి తొడుగులేసుకుని, బయట షెడ్డులో చెయ్యాలి. గ్రామ సమాఖ్య తరఫున అందరికీ కలిపి ఒకేసారి కొంటే ధరా తగ్గుతుంది, అందరూ ఒకే వారంలో కట్టడమూ జరుగుతుంది.

ఒకే వారంలో అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఈ ఎరకి మగ ఈగలే వస్తాయి. ఆడవి రావు. మగవి దాదాపు అన్నీ చస్తే ఆడవాటికి జత దొరక్క గుడ్లు పొదగవు. “దాదాపు అన్నీ” అన్నచోటే ఉంది కిటుకు. ఒక మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. వందలో డెబ్బై చచ్చి ముప్పై మిగిలినా వాటి సంసారం ఆగదు. పైగా జతకట్టిన ఆడ ఈగ పక్క తోట నుంచి ఎగిరొచ్చి మన కాయలో గుడ్లు పెట్టి పోతుంది. అందుకే ఒక్క తోటలో పది బుట్టలు కట్టడం కంటే ఊళ్ళో అన్ని తోటల్లో నాలుగేసి కట్టడం పనిచేస్తుంది. జపాన్ వాళ్ళు ఒకినావా దీవుల్లో ఈ పద్ధతే దీవంతటా ఒకేసారి పెట్టి 1986 నాటికి ఈ ఈగని పూర్తిగా లేకుండా చేశారు. మనది దీవి కాదు, అంతపని కాదు. కానీ పది తోటలు కలిసిన ఒక వీధికి, విడిగా ఉన్న ఒక తోటకి తేడా స్పష్టంగా కనపడుతుంది. ఒక్కడే రైతు చెయ్యలేని పని ఇది. మనలాంటి సంఘాలకి సరిగ్గా సరిపోయే పని.

తోటలే కాదు, ఊరూ చూడండి. బడి ఆవరణలో బాదం చెట్టు, పెరట్లో జామ, పాడుబడ్డ దొడ్లో సపోటా, ఇవన్నీ ఈ ఈగకి చుట్టాలిళ్ళు. మామిడి అయిపోయాక జామలోకి పోతుంది, మళ్ళీ వేసవికి మామిడికి వస్తుంది. బడి దగ్గర బాదం చెట్టుకి ఒక బుట్ట కట్టండి. పిల్లలకి అందనంత ఎత్తులో సుమా.

మందుల సంగతి. కొట్టొద్దని నేను చెప్పడం లేదు. ఈగలు మరీ ఎక్కువగా ఉంటే బెల్లం నీళ్ళలో మందు కలిపి చెట్టంతా కాకుండా మొదలు మీద, కొమ్మల మీద అక్కడక్కడ కొడతారు. తీపికి వాలిన ఆడ ఈగ కూడా చస్తుంది. ఏ మందు, ఎంత అన్నది మీ ఉద్యాన అధికారిని, రైతు సేవా కేంద్రంలో వాళ్ళని అడిగి తీసుకోండి, దుకాణంలో అడిగి కాదు. దుకాణంవాడు మంచివాడే కావచ్చు, కానీ అమ్ముకుంటే వాడికి లాభం. కోత ముందు మూడు వారాల్లో చెట్టంతా తడిచేలా మందు కొట్టడం మానండి. ప్రతి డబ్బా మీదా కొట్టాక ఎన్ని రోజులకి కోయాలో రాసి ఉంటుంది. మనలో చదివేవాళ్ళున్నారు కదా, చదవండి. ఎర్ర రంగు గుర్తున్నది అన్నిటికంటే గట్టి విషం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మగవాళ్ళు పంపు పడితే మందు కలిపేది, నీళ్ళు మోసేది, ఆ బట్టలు ఉతికేది ఆడవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఆ దరిదాపులకి పోవద్దు. ఈ రోజు మందు కొట్టిన తోటలో రేపు పొద్దున్నే కోతకి రమ్మంటే, రామని సంఘం తరఫున చెప్పండి. ఒక్కామె చెబితే ఆమెని మానిపిస్తారు. పాతికమంది చెబితే కోత రెండు రోజులు వెనక్కి జరుగుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను.

కాయ తొలుచు పురుగు కోస్తా జిల్లాల్లో గోళీకాయ దశ నుంచే వస్తుంది. ఎరుపు తెలుపు పట్టీలున్న పురుగు, కాయ ముక్కు దగ్గర తొలిచి లోపల టెంక దాకా పోతుంది. రెండు కాయలు ఆనుకున్నచోట ఎక్కువ. దీనిక్కూడా రాలిన కాయ ఏరడమే మొదటి మందు. అది గూడు కట్టేది ఎండుకొమ్మల్లో, బెరడులో కాబట్టి ఎండుకొమ్మలు నరికి కాల్చాలి.

టెంక పురుగు చిన్నకాయ మీద గుడ్డు పెడుతుంది, గాయం మానిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. టెంకలోనే పెరుగుతుంది. తాండ్ర పోసే అక్కలు ఇది బాగా వినాలి. మీరు గుజ్జు తీసి పారేసిన టెంకల గుట్టలోంచి ఆ పెంకు పురుగులు లేచి మళ్ళీ చెట్ల బెరడుల్లో దాక్కుంటాయి. టెంకలు తోట పక్కన పొయ్యకండి. పొయ్యిలో కాల్చండి, లేదా పూడ్చండి.

ఆకులు, కాయలు మసి పట్టినట్టు నల్లగా ఉంటే అది తేనెమంచు పురుగు విసర్జించిన జిగట మీద పెరిగిన బూజు. పలచటి గంజి ఎండ కాసే రోజున కొడితే పొరలా ఎండి మసితో సహా రాలిపోతుంది.

మచ్చ తెగులు, దాన్నే ఆంత్రాక్నోస్ అంటారు, వేసవిలో వాన జల్లు పడితే కాయలో చేరి నిద్రపోతుంది. పండేటప్పుడు నల్ల మచ్చలై లేస్తుంది. తొడిమ కుళ్ళు కూడా అంతే. వీటికి కోతలోనే చాలా జాగ్రత్త ఉంది. రాళ్ళతో, కర్రతో కొట్టి రాల్చకుండా చిక్కంతో కోయాలి. రెండు మూడు అంగుళాల తొడిమతో దించి, నీడలో తలకిందులుగా ఆనించి సొన కారనివ్వాలి. సొన పడ్డ తోలు కాలినట్టు నల్లబడుతుంది. కోసిన కాయ వట్టినేల మీద పెట్టకూడదు, గోనెపట్టా పరవాలి. ఇవన్నీ చేసేది మన చేతులే.

వేడినీళ్ళ సంగతి చాలామంది అడుగుతున్నారు. 48 డిగ్రీల నీళ్ళలో కాయని 60 నిమిషాలు ఉంచితే లోపలున్న ఈగ గుడ్లు, పురుగులు చస్తాయి. మచ్చ తెగులుకైతే 52 డిగ్రీల్లో ఐదు నుంచి పది నిమిషాలు. అంకెలు తారుమారు చేస్తే కాయ ఉడికిపోతుంది. బొగ్గుల మీద గంగాళం పెట్టి చేసే పని కాదిది. నీళ్ళ వేడి ఒకేలా నిలబెట్టే యంత్రం కావాలి. సమాఖ్య తరఫున ఎప్పుడైనా ప్యాక్‌హౌస్ పెట్టుకుంటే మొదట అడగాల్సింది ఇదే. 2014 మే 1 నుంచి యూరప్ దేశాలు మన దేశపు మామిడిని రానివ్వమన్నాయి. నాలుగు రకాల కూరగాయల్ని కూడా ఆపేశాయి. అంతకుముందు ఏడాది అక్కడికి పోయిన పండ్లు, కూరగాయల సరుకులో 207 లోడ్లలో పురుగులు దొరికాయి, వాటిలో పండు ఈగ ఒకటి. మన దగ్గర వేడినీళ్ళ శుద్ధి, తనిఖీలు పెంచాక 2015 జనవరిలో మామిడి మీద ఆ నిషేధం ఎత్తేశారు. మనం యూరప్‌కి పంపకపోయినా సంగతి అర్థమవుతుంది కదా, పండు ఎంత తియ్యనిదైనా ఒక్క పురుగుతో దేశం పేరే పోయింది.

మామిడి లేనివాళ్ళకి రెండు ముక్కలు. బత్తాయి, నిమ్మ తోటల్లో ఎండ ముదిరాక నల్లి వల్ల కాయకి మంగు వస్తుంది. నీటిలో కరిగే గంధకం కొడతారు, కానీ మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు, కాయ మాడతాయి. చల్లటి పూటే కొట్టండి, ఎండలు మరీ మండుతుంటే మానండి. బొప్పాయి మీద తెల్లటి పిండినల్లి 2008లో తమిళనాడులో మొదట కనపడి దక్షిణాదంతా పాకింది. దాన్ని అదుపు చేసింది మందు కాదు. 2010లో బయటిదేశం నుంచి తెచ్చి వదిలిన, కంటికి ఆనీ ఆననంత చిన్న కందిరీగ. ఎడాపెడా మందు కొడితే ముందు చచ్చేది ఆ మేలుచేసే పురుగే.

ఇక మీరు అడగండి.

ఒక సభ్యురాలు: మేం ప్రకృతి వ్యవసాయంలో ఉన్నాం. వేప కషాయం, నీమాస్త్రం కొడితే ఈగ పోదా అమ్మా?

వేప వాసన, చేదు ఉన్నచోట ఈగ గుడ్లు పెట్టడానికి కొంత వెనకాడుతుంది. కాబట్టి కాయ ముదరకముందు నుంచి కొడితే ఉపయోగముంది. లోపల చేరిన పురుగుకి అదీ ఏమీ చెయ్యలేదు. ఏరుడు మాత్రం ఎవరికీ తప్పదు. మందుల తోటకీ తప్పదు, ప్రకృతి తోటకీ తప్పదు.

ఇంకొక సభ్యురాలు: కాకర, దోస పాదులకి కూడా ఇవే బుట్టలు కట్టాం, ఒక్క ఈగా పడలేదు.

పడదు. పాదుల మీద వాలేది దీని చుట్టమే కానీ వేరే ఈగ. దానికి క్యూలూర్ అనే వేరే ఎర ఉంటుంది. కొనేటప్పుడు “మామిడికా, పాదులకా” అని అడిగి తీసుకోండి. బుట్ట ఒకటే, లోపలి బిళ్ళ వేరు.

మరొకరు: కాయలకి కాగితం సంచులు కడుతున్నారు. మనకి గిట్టుతుందా?

సంచి కట్టిన కాయకి ఈగ తగలదు, మచ్చ పడదు, రంగు కూడా బాగా వస్తుంది. కాయ కోడిగుడ్డంత అయినప్పుడు కట్టాలి. సంచి ధర, నిచ్చెన ఎక్కి కట్టే కూలి, విప్పే కూలి, ఈ మూడూ కలిపి ఒక్కో కాయకి ఎంత పడుతుందో వేసుకోండి. ఏరి, రకం వేరుచేసి నేరుగా ఇళ్ళకి అమ్ముకునే బంగినపల్లికి గిట్టవచ్చు. గుజ్జు ఫ్యాక్టరీకి టన్నుల లెక్కన పోయే తోతాపురికి గిట్టదు. పొట్టి చెట్లున్న తోటలో ముందు రెండు చెట్లకి కట్టి చూడండి. పాతకాలపు పెద్ద చెట్ల మీద ఆడవాళ్ళని ఎక్కించి కట్టించొద్దు.

చివరగా అడిగినామె: మా ఊళ్ళో నలుగురం ఏరుతాం, బుట్టలు కడతాం. మధ్యలో ఒక పెద్ద తోట ఉంది, యజమానులు హైదరాబాదులో ఉంటారు. అక్కడ పండు నేలంతా కుళ్ళి ఉంటుంది. మేమేం చెయ్యాలి?

ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. దానికి నా దగ్గర చట్టం లేదు. కానీ ఒక దారి ఉంది. ఆ తోటకి గుత్తదారుడు ఎవరో ఒకరు వస్తాడు కదా, అతనికి కోతకి కూలీలు కావాలి. ఆ కూలీలు మీ సంఘాల్లోవాళ్ళే. కోతకి మాట్లాడుకునేటప్పుడే ఏరుడు పని కూడా కలిపి రోజు కూలికి మాట్లాడండి. గ్రామ సమాఖ్య నుంచి యజమానికి ఫోను చేసి, బుట్టలు మేమే కడతాం, ఎర ఖర్చు మీరివ్వండని అడగండి. చాలామంది కాదనరు, అడిగేవాళ్ళు లేక ఊరుకుంటారు. అప్పటికీ కాదంటే, ఆ తోట హద్దు వెంట మీ వైపు చెట్లకి బుట్టలు దగ్గరదగ్గరగా కట్టండి, ఆ వరసల్లో కాయ కొంచెం ముందుగా, పక్వానికి రాగానే కోసేయండి. ఎరల సంఖ్య రాసుకునే కాగితం బయట బల్ల మీద ఉంది. భోజనానికి వెళ్ళే ముందు ఊరి పేరు, ఎకరాలు రాసి వెళ్ళండి, ఆ హద్దు తోట ఎకరాలు కూడా కలిపి రాయండి.